ఓవర్‌టైం డబ్బు రావడం లేదు, ఫిర్యాదు ఎలా చేయాలి?

గాజువాక ఆటోనగర్‌లో సుమారు 60 మంది పనిచేసే విడిభాగాల కర్మాగారంలో నాలుగేళ్లుగా నాణ్యత తనిఖీ విభాగంలో ఉన్నానని, ఆరు నెలలుగా అదనపు గంటలకు డబ్బు ఇవ్వడం లేదని, అడిగితే షిఫ్టు ఇన్‌చార్జి నలుగురి ముందు అవమానకరంగా మాట్లాడారని, హెచ్ఆర్ వారికి మూడుసార్లు చెప్పినా "చూస్తాం" అన్న మాట తప్ప ఏమీ రాలేదని మీరు రాశారు. యూనియన్ లేదని, ఫిర్యాదు చేస్తే ఉద్యోగం పోతుందేమోనన్న భయం ఉందని కూడా అన్నారు. నేను విశాఖపట్నంలో పాతికేళ్లకు పైగా పర్సనల్ విభాగాల్లో పనిచేసి రిటైరయ్యాను. ఫిర్యాదులు అందుకునే కుర్చీలో అన్నేళ్లు కూర్చున్నవాడిని కాబట్టి, ఏ ఫిర్యాదు కదులుతుందో, ఏది సొరుగులోనే ఉండిపోతుందో నాకు దగ్గరగా తెలుసు. ఆ అనుభవంతోనే వివరంగా చెబుతున్నాను.

ముందుగా, మీరు మూడుసార్లు చెప్పినది ఇంకా ఫిర్యాదు కాలేదు. ఈ మాట కఠినంగా తోచవచ్చు, కానీ నా ఉద్యోగం తొలిరోజుల్లో జరిగిన ఒక సంగతి దీన్ని నాకు నేర్పింది. ఒక లేత్ ఆపరేటరుకు గుమాస్తా పొరపాటు వల్ల ఇంక్రిమెంటు తప్పిపోయింది. ఆయన దాదాపు ఏడాది పాటు నన్ను గేటు దగ్గర, క్యాంటీన్ దగ్గర కలిసి చెబుతూనే ఉన్నాడు. నేను సరిచేస్తానని చెబుతూనే ఉన్నాను. ఈలోగా నాకు వేరే యూనిట్‌కు బదిలీ అయింది. నా స్థానంలో వచ్చిన అధికారి ఫైలు తిరగేస్తే అందులో ఒక్క కాగితం లేదు. "ఇన్నాళ్లూ అడగనిది ఇప్పుడెందుకు అడుగుతున్నావు?" అని ఆయన్నే ప్రశ్నించారట. ఆ తప్పు నాది. అప్పటి నుంచి ఎవరు నోటిమాటగా చెప్పినా, రాసిమ్మని అడిగి, అందినట్టు సంతకం చేసి నకలు చేతికిచ్చి పంపేవాడిని. మీ హెచ్ఆర్ అధికారి ఆ పని తనంతట తాను చేయకపోవచ్చు, కాబట్టి మీరే చేయించుకోవాలి.

ఫిర్యాదు రాసేముందు రెండు విషయాలను విడదీయండి. అదనపు గంటల డబ్బు ఒక విషయం. ఇన్‌చార్జి మాట్లాడిన తీరు మరొకటి. రెంటినీ ఒకే ఉత్తరంలో రాస్తే, యాజమాన్యం రెండోదాన్ని పట్టుకుని "ఇద్దరూ సర్దుకుపొండి" అని ముగిస్తుంది, మొదటిదాని ఊసే ఎత్తదు. ఒకసారి నా బల్ల మీదకు ఏడు పేజీల అర్జీ వచ్చింది. తొలి అయిదు పేజీలూ సూపర్‌వైజరు స్వభావం గురించి, ఆయన గతం గురించి. ఆరో పేజీలో రెండు పంక్తుల్లో, తొమ్మిది నెలలుగా పీఎఫ్ మినహాయించి జమ చేయడం లేదన్న అసలు సంగతి ఉంది. మేనేజరు మొదటి పేజీ చదివి, అందులో వాడిన భాషకు మెమో ఇవ్వమన్నారు. ఆ రెండు పంక్తులే మొదటి పేజీలో విడిగా ఉండి ఉంటే మెమో అందుకోవలసినవారు వేరే ఉండేవారు.

అందువల్ల మొదటి ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏయే రోజుల్లో ఎన్ని అదనపు గంటలు పనిచేశారో ఒక పట్టికగా వేసి జతచేయండి. ఎవరు ఉండమన్నారో, ఆ రోజు ఏ పని చేశారో పక్కన రాయండి. తరువాత మీకు రావలసిన మొత్తాన్ని లెక్కగట్టి చూపండి. అదనపు గంటలకు మామూలు రేటుకు రెట్టింపుకు తగ్గకుండా చెల్లించాలన్నది పాత ఫ్యాక్టరీల చట్టంలోనూ ఉంది, దాని తరువాత వచ్చిన కొత్త వేతన చట్టమైన వేతన కోడ్‌లోనూ ఉంది. ఉదాహరణకు నెల జీతం 18,000 రూపాయలనుకుంటే, 26 రోజులు, రోజుకు 8 గంటల లెక్కన గంటకు 86 రూపాయల 54 పైసలు వస్తుంది. రెట్టింపు చేస్తే 173 రూపాయల 8 పైసలు. 64 అదనపు గంటలకు సుమారు 11,077 రూపాయలు. ఈ అంకె ఉత్తరంలో కనిపించాలి. "న్యాయం చేయగలరు" అని ముగించే అర్జీకి జవాబివ్వకుండా తప్పించుకోవడం సులభం. "ఈ మొత్తాన్ని ఫలానా తేదీలోగా చెల్లించండి, లేదా చెల్లించకపోవడానికి కారణం రాతపూర్వకంగా తెలియజేయండి" అని ముగించే అర్జీని అంత సులభంగా పక్కన పెట్టలేరు.

ఉత్తరం తెలుగులో రాయవచ్చా అని చాలామంది నన్ను అడుగుతుంటారు. నిస్సంకోచంగా రాయవచ్చు. ఎవరో రాసిచ్చిన ఇంగ్లీషు ఉత్తరం మీద సంతకం చేసి, తరువాత విచారణలో అందులో ఏముందో చెప్పలేక ఇబ్బంది పడినవారిని చూశాను. రెండు ప్రతులు తీసి, ఒకటి ఇచ్చి, రెండోదాని మీద అందినట్టు సంతకం, తేదీ, ముద్ర వేయించుకోండి. తీసుకోవడానికి నిరాకరిస్తే గొడవపడకుండా బయటికి వచ్చి, అదే రోజు స్పీడ్ పోస్టులో పంపి రసీదు, అందిన రుజువు దాచుకోండి. ఆఫీసు ఈమెయిల్‌లో పంపితే దాని ప్రతిని సొంత ఈమెయిల్‌కు కూడా పంపుకోండి, ఎందుకంటే వివాదం ముదిరితే ముందుగా మూతపడేది ఆఫీసు ఖాతాయే. పే స్లిప్పులు, నియామక పత్రం, హాజరు వివరాలు, ఉండమని వచ్చిన వాట్సాప్ సందేశాలు మీవే కాబట్టి భద్రపరచుకోవచ్చు. కంపెనీ డ్రాయింగులు, ఖాతాదారుల కాగితాలు, ఇతరుల జీతాల వివరాలు మాత్రం ఫోటో తీయవద్దు. దానితో మీ ఫిర్యాదు పక్కకు పోయి, మీ మీద దొంగతనం ఆరోపణ మిగులుతుంది.

పేరు లేకుండా ఆకాశరామన్న ఉత్తరం రాస్తే సరిపోదా అన్న ఆలోచన సహజంగానే వస్తుంది. ప్రమాదకరమైన యంత్రం, గ్యాసు లీకు వంటి భద్రతా విషయాల్లో అది కొంతవరకు పనికొస్తుంది, ఎందుకంటే తనిఖీ అధికారి వచ్చి కళ్లతో చూడగలరు. వ్యక్తిగతంగా రావలసిన డబ్బు విషయంలో పనికిరాదు. పేరు లేనివారికి చెల్లింపు చేయలేరు కదా. అలాగే ఫేస్‌బుక్‌లోనో, ఉద్యోగుల వాట్సాప్ గ్రూపులోనో యాజమాన్యాన్ని నిందిస్తూ రాయడం వద్దు. మీ కోపం న్యాయమైనదే కావచ్చు, కానీ దుష్ప్రవర్తన చార్జిషీటుకు సాక్ష్యం మీ చేత్తో మీరే ఇచ్చినట్టవుతుంది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. పనిచోట ఫిర్యాదులకు కూడా అదే వరుస మంచిది. మన దేశంలో 1958లోనే క్రమశిక్షణ నియమావళిలో భాగంగా ఒక నమూనా పద్ధతి రూపొందింది. దాని ప్రకారం ఫోర్‌మన్ 48 గంటల్లో, విభాగాధిపతి మూడు రోజుల్లో జవాబు చెప్పాలి, గ్రీవెన్స్ కమిటీ (ఫిర్యాదుల పరిష్కార కమిటీ) ఏడు రోజుల్లో సిఫారసు చేయాలి. చట్టబద్ధమైన బలం లేకపోయినా, పాత పరిశ్రమల్లో మేము దాన్ని గౌరవంగానే పాటించేవాళ్లం. కార్మిక మంత్రిగా ఉండి, బ్యాంకు ఉద్యోగుల విషయంలో వచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చినందుకు 1954లో రాజీనామా చేసిన వి.వి.గిరి గారు కూడా, కోర్టు తీర్పుల కంటే ఇరుపక్షాలూ కూర్చుని మాట్లాడుకుని తేల్చుకోవడమే మేలని జీవితమంతా వాదించారు. నేను ఆ అభిప్రాయంతో పూర్తిగా ఏకీభవిస్తాను. అయితే మాట్లాడుకోవడానికి ఒక గడువు ఉండాలి, ఆ మాటలకు కాగితం ఉండాలి.

ఇప్పుడు ఆ గడువుకు చట్టబలం ఉంది. 2025 నవంబరు 21 నుంచి పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటిలో పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం 20 మంది లేదా అంతకు మించి కార్మికులున్న ప్రతి సంస్థలోనూ గ్రీవెన్స్ కమిటీ ఉండి తీరాలి. అందులో యాజమాన్యం వైపు, కార్మికుల వైపు సభ్యులు సమానంగా ఉండాలి, మొత్తం పది మందికి మించకూడదు, మహిళలకు తగిన ప్రాతినిధ్యం ఉండాలి. సమస్య తలెత్తిన ఏడాదిలోగా కార్మికుడు దరఖాస్తు ఇవ్వాలి. కమిటీ 30 రోజుల్లో తేల్చాలి. కార్మికుల వైపు సభ్యుల్లో సగానికి పైగా ఒప్పుకోకపోతే అది నిర్ణయమే కాదని కూడా కోడ్ చెబుతోంది. ఈ చివరి నిబంధన గురించి చాలామందికి తెలియదు, కానీ కమిటీ యాజమాన్యం చేతిలో రబ్బరు స్టాంపుగా మారకుండా ఆపేది అదే.

మీ సంస్థలో 60 మంది ఉన్నారంటున్నారు కాబట్టి కమిటీ ఉండాలి. లేకపోయినా మీ ఉత్తరాన్ని "అధ్యక్షులు, గ్రీవెన్స్ కమిటీ, యాజమాన్యం ద్వారా" అని సంబోధించండి. కమిటీ ఉంటే అది పని మొదలుపెడుతుంది, లేకపోతే లేదన్న సంగతి రికార్డుకెక్కుతుంది; రేపు లేబర్ ఆఫీసులో ఆ రెండో సంగతి కూడా మీకే ఉపయోగపడుతుంది. ఇదే కోడ్ కింద స్టాండింగ్ ఆర్డర్లు (సంస్థలో పని నియమాల పత్రం) 300 మంది లేదా అంతకు మించి ఉన్న సంస్థలకే తప్పనిసరి కాబట్టి మీ విషయంలో నియామక పత్రమే ఆధారం. అది మీ చేతిలో లేకపోతే ముందు దాన్ని అడగండి, ఎందుకంటే నియామక పత్రం ఇవ్వడం ఇప్పుడు యజమాని బాధ్యత.

కమిటీ 30 రోజుల్లో తేల్చకపోయినా, ఇచ్చిన నిర్ణయం మీకు సమ్మతం కాకపోయినా, 60 రోజుల్లోగా కన్సిలియేషన్ అధికారి (ఇరుపక్షాలకూ రాజీ కుదిర్చే కార్మిక శాఖ అధికారి) దగ్గరకు వెళ్లవచ్చు. కానీ ఆ దరఖాస్తు మీరు సభ్యుడిగా ఉన్న యూనియన్ ద్వారా వెళ్లాలని కోడ్ చెబుతోంది. యూనియన్ లేదన్న మీ మాట ఇక్కడ అడ్డుపడుతుంది. మీ కర్మాగారంలో లేకపోయినా, ప్రాంతాలవారీగా చిన్న పరిశ్రమల కార్మికులను చేర్చుకునే యూనియన్లు మన నగరంలో చాలాకాలంగా ఉన్నాయి. వాటిలో సభ్యత్వం తీసుకోవడం మీ హక్కు. వివాదం ముదిరాక పరుగెత్తేకంటే ముందే చేరడం మంచిది.

అయితే మీది ప్రధానంగా వేతన బకాయి కాబట్టి, మీకు ఇంకో దారి కూడా ఉంది, నా ఉద్దేశంలో అదే సూటి అయినది. వేతన కోడ్ కింద, తక్కువ చెల్లించిన లేదా అసలు చెల్లించని వేతనం కోసం ఉద్యోగి స్వయంగా, ఏ యూనియన్ అవసరం లేకుండా, నిర్ణీత అధికారి ముందు క్లెయిము వేయవచ్చు. దానికి మూడేళ్ల గడువు ఉంది. ఆ అధికారి మూడు నెలల్లో తేల్చేందుకు ప్రయత్నించాలి, బకాయితో పాటు దానికి పది రెట్ల వరకు పరిహారం ఇప్పించే అధికారం కూడా ఆయనకు ఉంది. నెల జీతం మరుసటి నెల ఏడో తేదీలోగా, ఉద్యోగం మానినా తీసేసినా రెండు పనిదినాల్లోగా చెల్లించాలన్నది, పే స్లిప్ ఇవ్వాలన్నది కూడా ఇదే కోడ్‌లో ఉంది. పైగా ఇది సూపర్‌వైజర్లకు, మేనేజర్లకు కూడా వర్తిస్తుంది. పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో "కార్మికుడు" అన్న నిర్వచనం ఇంత విశాలం కాదు. నిర్వహణ బాధ్యతల్లో ఉన్నవారు, నెలకు 18,000 రూపాయలు దాటిన జీతంతో సూపర్‌వైజరు పనిచేసేవారు అందులోకి రారు. ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోండి: హోదా పేరు చూసి కోర్టులు నిర్ణయించవు, నిజంగా చేసే పనిని చూస్తాయి. మీ విజిటింగ్ కార్డు మీద "క్వాలిటీ ఎగ్జిక్యూటివ్" అని ఉన్నంతమాత్రాన, రోజంతా గేజీతో కొలతలు తీసే మీరు కార్మికుడు కాకుండా పోరు. రుషికొండ, మధురవాడ వైపు ఐటీ సంస్థల్లో పనిచేసే పిల్లలు కూడా ఈ తేడా తెలుసుకోవాలి.

ఏ ఆఫీసుకు వెళ్లాలన్నది విశాఖలో నిజంగానే తికమక కలిగించే ప్రశ్న. ఉక్కు కర్మాగారం, పోర్టు, షిప్‌యార్డు, రైల్వే, బ్యాంకులు, వాటిలోని కాంట్రాక్టు కార్మికులు కేంద్ర కార్మిక శాఖ పరిధిలోకి వస్తారు. మీలాంటి ప్రైవేటు కర్మాగారాలు రాష్ట్ర కార్మిక శాఖ పరిధిలోవి. మరొక చిక్కు 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజనతో వచ్చింది. పరవాడ, అచ్యుతాపురం అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాయి, గాజువాక విశాఖ జిల్లాలోనే ఉంది. ఇంటి చిరునామా కాదు, పనిచేసే స్థలమే లెక్క. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వవచ్చా అంటే ఇవ్వవచ్చు, కానీ అది చివరకు లేబర్ ఆఫీసుకే వస్తుంది. నేరుగా వెళ్తే కొన్ని వారాలు కలిసివస్తాయి. లాయరుకు డబ్బు లేదన్న చింత వద్దు. పారిశ్రామిక కార్మికులకు, మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం ఇవ్వాలని 1987 నాటి చట్టం చెబుతోంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థను సంప్రదించవచ్చు, లేదా 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

పీఎఫ్ విషయం మీరు అడగలేదు గానీ, ఓవర్‌టైం ఎగ్గొట్టే చోట అది కూడా ఒకసారి చూసుకోవడం అవసరం. మీ యూఏఎన్ (పీఎఫ్ ఖాతా నంబరు) పాస్‌బుక్ తెరిచి, ప్రతి నెలా జమ అవుతోందో లేదో చూడండి. ఒక నెల వాటా మరుసటి నెల 15వ తేదీలోగా జమ కావాలి. కాకపోతే పీఎఫ్ సంస్థ అయిన ఈపీఎఫ్‌వో వారి ఆన్‌లైన్ ఫిర్యాదు పోర్టల్‌లో నమోదు చేయవచ్చు. ప్రతి నెలా 27న జిల్లాల్లో జరిగే "నిధి ఆప్‌కే నికట్" సదస్సులో అధికారులను ముఖాముఖి కూడా కలవవచ్చు.

మీ ఇన్‌చార్జి ప్రవర్తన గురించి రెండో ఉత్తరం రాయండి. ఆయన ఎలాంటివారో రాయవద్దు. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎవరెవరి ముందు, ఏ మాటలు అన్నారో ఉన్నదున్నట్టు రాయండి. తిట్టును సభ్యంగా మార్చి రాయవలసిన పని లేదు. ఆ మాటల్లో కులదూషణ ఉంటే, మీరు ఎస్సీ లేదా ఎస్టీకి చెందినవారైతే, అది హెచ్ఆర్ సర్దుబాటు చేసే విషయం కాదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద పోలీసులకు ఫిర్యాదు చేయవలసిన నేరం.

మీతో పనిచేసే మహిళలకు లైంగిక వేధింపు ఎదురైతే దారి పూర్తిగా వేరు, దాని గడువు చాలా చిన్నది కాబట్టి వారికి తప్పక చెప్పండి. 2013 చట్టం ప్రకారం పదిమంది లేదా అంతకు మించి ఉన్న ప్రతి చోటా ఒక మహిళ అధ్యక్షతన అంతర్గత కమిటీ ఉండాలి. సంఘటన జరిగిన మూడు నెలల్లోగా ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణముంటే కమిటీ మరో మూడు నెలలు పొడిగించవచ్చు. విచారణ 90 రోజుల్లో పూర్తి కావాలి, ఈలోగా బదిలీ గానీ మూడు నెలల వరకు సెలవు గానీ ఆమె కోరవచ్చు. పదిమంది కంటే తక్కువ ఉన్నచోట, లేదా ఆరోపణ యజమాని మీదే అయినప్పుడు, జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్లాలి. ఈ చట్టానికి మూలమైన 1997 నాటి సుప్రీంకోర్టు "విశాఖ తీర్పు" మన ఊరి సంఘటన మీద వచ్చిందని ఇక్కడ పలువురు అనుకోవడం విన్నాను. అది రాజస్థాన్‌లో జరిగిన దారుణం మీద, విశాఖ అనే పేరుగల సంస్థ తదితరులు వేసిన కేసు.

భద్రత విషయంలో మాత్రం మెట్లు ఎక్కుతూ కూర్చోవద్దు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరిన్ అనే విష రసాయనపు ఆవిరి ఊళ్లోకి వ్యాపించిన ఉదయాన్ని చూసిన మనం, "కమిటీ సమావేశం అయ్యాక చూద్దాం" అనగలమా? రక్షణ కవచం తీసేసిన యంత్రం, పనిచేయని అలారం కనిపిస్తే వెంటనే సూపర్‌వైజరుకు చెప్పి, అదే రోజు రాసిచ్చి, కదలిక లేకపోతే ఫ్యాక్టరీల శాఖకు తెలియజేయండి.

ఇక మీ భయం గురించి. ఉద్యోగం పోదని నేను హామీ ఇవ్వలేను. అలా హామీ ఇచ్చేవారిని నమ్మవద్దు. కన్సిలియేషన్ నడుస్తున్నంతకాలం, ఆ వివాదానికి సంబంధించిన పని షరతులను మీకు నష్టం కలిగేలా మార్చకూడదని, ఆ వివాదానికి సంబంధించిన దుష్ప్రవర్తన పేరుతో అధికారి అనుమతి లేకుండా మిమ్మల్ని తీసేయకూడదని చట్టం కట్టడి చేస్తోంది. కానీ దానికి ముందు దశలో ఇంత రక్షణ లేదు. ఆ దశలో మీకు అండ మీ ఉత్తరం మీద ఉన్న తేదీయే. ఫిర్యాదు అందిన వారానికే బదిలీయో మెమోయో వస్తే, దాని వెనుక ఉద్దేశం ఏమిటో ఆ రెండు తేదీలు పక్కపక్కనే పెట్టి చూపించవచ్చు. నా అనుభవంలో, రాతపూర్వకంగా, మర్యాదగా, లెక్కతో అడిగినవారి కంటే, కోపంలో ఒకరోజు పని ఆపి వెళ్లిపోయినవారే ఎక్కువగా ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. కాబట్టి ఈ రోజుల్లో హాజరులో, పనిలో వేలెత్తి చూపే అవకాశం ఇవ్వకండి. మెమో వస్తే గడువులోగా జవాబివ్వండి. మౌనంగా ఉంటే ఒప్పుకున్నట్టు రాసుకుంటారు. సస్పెండ్ చేస్తే ఆ కాలానికి వేతనం మాటేమిటో నియామక పత్రంలో చూసుకుని, రాతపూర్వకంగా అడగండి. స్టాండింగ్ ఆర్డర్లు వర్తించే పెద్ద సంస్థల్లోనైతే తొలి 90 రోజులు సగం వేతనం, ఆ తరువాత జాప్యం కార్మికుడి వల్ల కానప్పుడు 75 శాతం జీవనభృతిగా ఇవ్వాలి. అన్నిటికంటే ముఖ్యంగా, గదిలోకి పిలిచి రాజీనామా మీదనో, తెల్లకాగితం మీదనో సంతకం అడిగితే చేయకండి. ఒత్తిడికి తలొగ్గి చేసి ఉంటే, అదే రోజు రాత్రిలోగా జరిగిందేమిటో ఈమెయిల్‌లో రాసి యాజమాన్యానికి, లేబర్ ఆఫీసుకు పంపండి. ఒకవేళ తీసేసినా రెండేళ్లలోగా దానిని సవాలు చేయవచ్చు. కన్సిలియేషన్ అధికారికి దరఖాస్తు ఇచ్చి 45 రోజులు గడిచాక నేరుగా పారిశ్రామిక ట్రిబ్యునల్‌కు వెళ్లే వీలుంది.

మీలాగే డబ్బు రావలసినవారు ఇంకెందరున్నారో కూడా కనుక్కోండి. ఒక్కరి ఉత్తరం వస్తే ఆ వ్యక్తి గురించి ఆలోచిస్తారు. ఎనిమిది మంది విడివిడిగా, తమ తమ లెక్కలతో ఉత్తరాలు ఇస్తే సమస్య గురించి ఆలోచిస్తారు. ఒకే కాగితం మీద అందరి సంతకాల కంటే విడి ఉత్తరాలే మేలు. ఉమ్మడి ఉత్తరంలో ఇద్దరు వెనక్కి తగ్గితే మొత్తం బలహీనపడుతుంది.

చివరకు యాజమాన్యం పిలిచి మాట్లాడితే వెళ్లండి, మొండికేయకండి. వాయిదాల్లో ఇస్తామన్నా ఆలోచించవచ్చు. చిన్న సంస్థలకు నిజంగానే చేతిలో డబ్బు ఆడని నెలలుంటాయి. కానీ ఎంత, ఎన్ని వాయిదాల్లో, ఏ తేదీలకు అన్నది రాసి ఇద్దరూ సంతకం చేయాలి. "ఇకపై నాకు ఏ బకాయీ లేదు" అన్న వాక్యం ఆ కాగితంలో ఉంటే, చివరి వాయిదా చేతికందేదాకా దాని మీద సంతకం చేయకండి. తరువాతి నెల పే స్లిప్ వచ్చినప్పుడు ఓవర్‌టైం ప్రత్యేక పద్దుగా కనిపిస్తోందా, మామూలు అలవెన్సులో కలిపేశారా అన్నది చూసుకోండి. కలిపేసి ఉంటే, విడిగా చూపమని అదే వారం మరో చిన్న ఉత్తరం ఇవ్వండి.